కింది గీత

మా ఆయన ఓబుళేసుకు ఏ విషయమూ సూటిగా చెప్పడం రాదు. పప్పులో ఉప్పెక్కువైందని చెప్పాలన్నా, దేనితో పోలిస్తే ఎక్కువైందో ముందు చెప్పాలంటాడు. "నిన్నటి పప్పుతో పోలిస్తే" అంటాడు. నిన్నటి పప్పులో ఉప్పు సరిగ్గా ఉందని మీకెవరు చెప్పారని నేనడిగితే, అదే అసలు ప్రశ్న అని సంబరపడిపోతాడు. పెళ్ళయిన కొత్తల్లో ఈ మాటలకు పడీ పడీ నవ్వేదాన్ని. ఎనభై ఏడు ఎండాకాలం తర్వాత మా ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ సరదాకి అడగలేదు.

అప్పట్లో గార్లదిన్నె అవతల గొర్రెల మీద పరిశోధనకని ఒక చిన్న కేంద్రం ఉండేది. రేకుల షెడ్లు, ఒక బోరు, పెచ్చులూడిన గోడల మధ్య ఒక గది. ఆయన అక్కడ ఉద్యోగి. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. వరసగా కొన్నేళ్ళుగా వానల్లేవు. వేరుశనగ వేసినవాళ్ళకు విత్తనాలు కూడా తిరిగి రాలేదు. మేత సగానికి తగ్గినా కొన్ని గొర్రెలు నిలబడుతున్నాయి, కొన్ని కూలబడుతున్నాయి. ఎందుకు? ఆ ఒక్క 'ఎందుకు' పట్టుకుని ఆయన తిండీ నిద్రా మానేసి తిరిగేవాడు.

గొర్రె ఒంట్లో వేడినీ ఆకలినీ తట్టుకోవడానికి సాయపడే జన్యువు ఒకటి ఉందట. కష్టకాలంలో అది ఎంత గట్టిగా పనిచేస్తోందో కొలవాలి. దానికోసం గొర్రెను కోసి, కార్జం ముక్కను మంచులో పెట్టి, బెంగళూరులో తనకు తెలిసిన ప్రయోగశాలకు మోసుకుపోయేవాడు. అక్కడ ఏవేవో చేసి చివరికి ఎక్స్‌రే ఫిల్ములు పట్టుకొచ్చేవాడు. వాటిని మా వంటింటి కిటికీకి ఆనించి చూపించేవాడు. ఒక్కో గొర్రెకు రెండు నల్ల గీతలు, ఒకటి పైన, ఒకటి కింద. పై గీత ఆయనకు కావలసిన జన్యువుది. ఎంత నల్లగా ఉంటే అంత గట్టిగా పనిచేస్తున్నట్టు.

"మరి కింది గీత దేనికి?" అని అడిగాను.

"అది తూకం రాయి తిరుపాలూ. కార్జంలోంచి తీసిన సరుకు ఒక గొర్రెది ఎక్కువ పడతాది, ఒకదానిది తక్కువ పడతాది. పై గీత నల్లగా ఉండాదంటే ఆ జన్యువు బాగా పనిచేసినట్టా, లేకుంటే నేను సరుకు ఎక్కువ పోసినట్టా? అది తేలల్లంటే ఎప్పటికీ మారని జన్యువు ఇంకోటి పక్కన ఉండల్ల. దీని పేరు ఆక్టిన్. కణంలో రోజూ ఉండే ఇంటి పని చూసుకుంటాది. పండగొచ్చినా కరువొచ్చినా ఇది ఒకే తీరుగా ఉంటాది. పైదాన్ని దీంతో భాగిస్తే నిజం బయటపడతాది."

"ఇంటి పని చేసేది కరువులో కూడా ఒకే తీరుగా ఉంటాదని చెప్పినోళ్ళు మొగోళ్ళే అయింటారు" అన్నాను.

మా అమ్మ కదిరమ్మ గుర్తొచ్చి నోరు జారిన మాట అది. నా చిన్నప్పటి కరువులో కూడా మా ఇంట్లో పొద్దున్నే వాకిలి ఊడ్చి ఉండేది, పొయ్యి వెలిగేది, కుండలు నిండి ఉండేవి. అమ్మ మాత్రం సగమైపోయింది. పనులన్నీ ఎప్పటిలాగే జరిగిపోతుంటే చేసే మనిషి వంక ఎవరు చూస్తారు? మరుసటేడు వానలు పడ్డాయి గానీ అమ్మ వాటిని చూడలేదు.

ఆయన గట్టిగా నవ్వాడు. "అందరూ ఇదే వాడతారు. దీన్ని కొలిచేదానికి కావాల్సింది బెంగళూరులో అడిగితే ఊరికే ఇస్తారు" అన్నాడు. అందరూ వాడేదాని మీద అనుమానం ఎవరికొస్తుంది? నేనూ నవ్వి, ఫిల్ము తీస్తే కిటికీ మూసుకుంటానని చెప్పాను.

మా నాయన గురప్పది కదిరి అవతల పల్లె. తాత నుంచి వచ్చిన ఎర్ర గొర్రెల మంద కాసేవాడు. ఆయన తమ్ముడు ఎర్రిస్వామి చిన్నాయనకు వేరే మంద. పొద్దున్నే రెండు మందలూ ఊరి బావి దగ్గర ఒకే రాతి తొట్టిలో నీళ్ళు తాగేవి. తొట్టికి ఈ వైపు మావి, ఆ వైపు చిన్నాయనవి. నాయన తన గొర్రె నడుం మీద చెయ్యేసి వెన్నెముక తడిమేవాడు. అంతటితో ఊరుకోడు. చుట్టూ తిరిగి అటువైపు పోయి చిన్నాయన గొర్రె నడుమూ తడిమేవాడు. రోజూ కళ్ళముందు ఉండే జీవం రోజుకింత తగ్గిపోతుంటే మన చేతికి తెలియదని, పక్క మందను ముట్టుకుంటేనే తెలుస్తుందని ఆయన లెక్క. చిన్నాయనా అంతే. ఒకరి గొర్రెలు ఒకరు తడుముకుంటూ, నీవి ఎండిపోయినాయంటే నీవి ఎండిపోయినాయని తిట్టుకుంటూ ఉండేవాళ్ళు. వాళ్ళ రోజు మొదలయ్యేది ఆ తిట్లతోనే.

శివరాత్రి దాటి గుట్టల మీద మేత అయిపోతే ఇద్దరూ కలిసి మందలు తోలుకుని కాలువ నేలలకు పోయేవాళ్ళు. కోతలయిన పొలాల్లో మంద ఆపితే ఎరువు పడుతుందని అక్కడి రైతులు పిలిచి మరీ గింజలు పెట్టేవాళ్ళు. గొర్రెలకు పచ్చి మేత దొరికేది. ఇక్కడ వానలు పడ్డాక తిరిగొచ్చేవాళ్ళు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ప్రతి ఏడూ అంతే.

నాయనకు అల్లుడంటే బెరుకు. ఈయన పోతే నాయన మంచం మీంచి లేచి నిలబడేవాడు. "బాగుండారా అప్పా" అంటే "బాగుండాం మామా" అంటాడు ఈయన, అంతే. ఇంక ఇద్దరూ చెరో దిక్కు చూస్తూ కూర్చుంటారు. నడుమ నేను వాళ్ళ మాటలూ వీళ్ళ మాటలూ మోసుకుంటూ చచ్చేదాన్ని. అలాంటిది ఒకసారి ఈయన నోరు తెరిచి, పరీక్షకు కొన్ని పిల్లగొర్రెలు కావాలి మామా అన్నాడు.

"కోసేదానికా అప్పా?"

"అవును మామా."

నాయన దొడ్లోకి పోయి ఒక్కోదాన్నీ నిమిరి చూసి, ఉన్నవాట్లో మంచివి విడదీశాడు. "కోసేదైతే మంచివే తీసుకుపో. చెడ్డదాన్ని కోసి చూస్తే చెడ్డే కనపడతాది" అన్నాడు. మంచివంటే ఆ కరువులో మంచివి. అప్పటికే ఆ మంద చాలా నెలలుగా అరకడుపుతో తిరుగుతోంది. వాటితో పోల్చడానికి పెట్టుకున్న కేంద్రం గొర్రెలు మాత్రం తొట్లో పోసింది తిని బలిసి ఉన్నాయి. ఆ తేడా అందరికీ కనబడుతూనే ఉంది. అది కింది గీతను కూడా తాకుతుందని ఎవరికీ తట్టలేదు.

ఫలితం వచ్చిన రోజు ఆయన బస్టాండు నుంచి ఇంటిదాకా పరిగెత్తుకుంటూ వచ్చాడు. కింది గీతతో భాగిస్తే మా ఎర్ర గొర్రెల పై గీత కేంద్రం వాటికంటే ఎన్నో రెట్లు. "మీ నాయన మందలో ఉండాది తిరుపాలూ! కరువుకు తట్టుకునేది వాటి ఒంట్లోనే ఉండాది!" అని నన్ను చేతుల్తో పైకెత్తేశాడు. దించమని అరిచాను. నాకప్పటికి నెల తప్పింది.

శివరాత్రికి ఇద్దరం ఊరికి పోయాం. నాయన ఫిల్మును సూర్యుడికి అడ్డం పెట్టి చూశాడు. ఏది ఏ గొర్రెదని అడిగాడు. ఈయన ఒక్కో గీతా చూపిస్తుంటే, "ఇది తోక తెల్లదాని పిల్ల. ఇది పొగరుమోతుది" అని గుర్తుపట్టి చెప్పాడు. ఇద్దరూ ఒకే మంచం మీద, తలలు ఆనించుకుని! పెళ్ళయ్యాక మొదటిసారి నేను మధ్యలో మాటలు మోయకుండా గడప మీద కూర్చుని వాళ్ళను చూశాను.

"ఈ ఏడు కాలువకు పోవద్దు మామా" అన్నాడు ఈయన. "మీ మందను విత్తనపు మందగా పెట్టుకోమని పైవాళ్ళను అడుగుతాండా. ఈ ఎండాకాలం ఈడనే, ఈ మేతతోనే నిలబడినాయని చూపిస్తే చాలు. జిల్లా అంతా మీ గొర్రెలే పెరుగుతాయి."

ఎర్రిస్వామి చిన్నాయన గోడకు ఆనుకుని వింటున్నాడు. "గొర్రె ఒంట్లో ఏముండాదో నాకు తెల్దు అన్నా. గుట్ట మీద మాత్రం ఏమీ లేదు. నేను పోతాండా" అన్నాడు.

నాయన తమ్ముణ్ణి చూడలేదు. అల్లుణ్ణీ చూడలేదు. నన్ను చూశాడు. కడుపులో బిడ్డ ఉందని ఇంకా ఆయనకు చెప్పలేదు. ఆ సంతోషం, మంచం మీద వాళ్ళిద్దరూ కలిసి కూర్చున్న సంతోషం, అంతా నా మొహంలో ఉండి ఉంటుంది.

"సరే అప్పా. ఉంటాలే" అన్నాడు నాయన.

చిన్నాయన మంద వెళ్ళిపోయింది. తొట్టికి అటువైపు ఖాళీ అయింది.

ఏప్రిల్లో నా కడుపులో బిడ్డ పోయింది. అనంతపురం ఆసుపత్రిలో వారం ఉన్నాను. ఈయన నా పక్కన నేల మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నాయనకు కబురు చేద్దామంటే నేనే వద్దన్నాను. తెలిస్తే మందను దొడ్లో వదిలేసి పరిగెత్తుకొస్తాడు. ఆ ఎండలో వాటికి నీళ్ళెవరు పెడతారు? అమ్మ పోయినప్పటి నుంచి ఆయనకున్నది మందా నేనూ. ఒకదాని కోసం ఇంకోదాన్ని వదిలే పని పెట్టకూడదనుకున్నాను. నా దుఃఖం నేనే దాచుకున్నాను.

సెలవులిచ్చాక ఊరికి పోయాను. పోయేముందు బెంగళూరు నుంచి ఈయన తెచ్చిన మల్లెపూలు పెట్టుకున్నాను, మంచి చీర కట్టుకున్నాను. అద్దంలో నవ్వి చూసుకున్నాను కూడా. గొర్రెలు బాగా చిక్కాయి. రాలిన ఆకులూ తుమ్మకాయలూ ఏరుకు తింటున్నాయి. కానీ నాయన ఎప్పటిలాగే ఉన్నాడు. నోట్లో ఆకు వక్క, మూలన కర్ర. "ఇవి నీ మాదిరేనమ్మా, చూసేదానికి పుల్లలు, లోపల గట్టి" అని హాస్యమాడాడు. ఆయనకే దిగులు లేకపోతే నాకెందుకని నిమ్మళించాను. నేను నవ్వితే ఆయన నవ్వాడు. ఆయన నవ్వితే నేను నవ్వాను. అలా మూడు రోజులుండి, మంద పరవాలేదని ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను.

జూన్ మొదట్లో ఈయన బెంగళూరు నుంచి వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. చెప్పులు కూడా విప్పలేదు. నీళ్ళిస్తే చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

అక్కడ ఎవరో, ఆక్టిన్ ఒక్కటే ఎందుకు, ఇంకోదాంతో కూడా కొలిచి చూడు అన్నారట. కణంలో మాంసకృత్తులు తయారుచేసే యంత్రం ఉంటుందట, దానికి సంబంధించిన ఆర్.ఎన్.ఏ. అది గుట్టలు గుట్టలుగా ఉంటుంది, అంత తొందరగా కదలదు. దాంతో పోల్చి చూస్తే, మా గొర్రెల పై గీత కేంద్రం గొర్రెల గీతకు సమానం. పిసరంత ఎక్కువ లేదు. మరి అన్ని రెట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? కింది గీత పడిపోయింది. ఆకలికి కార్జం చిక్కిపోతే ఆక్టినూ చిక్కిపోయింది. తూకం రాయి అరిగిపోతే పైన పెట్టినదల్లా బరువుగా తూగింది.

"పడిపోయిన గీతను నేను పైకి లేచిన గీత అనుకున్నా" అన్నాడు. "అరకడుపు గొర్రెల్లో ముందు దాన్నే పరీక్షించి ఉండల్ల. ఎవురూ చేయలేదని నేనూ చేయలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన తల వంచుకుని అన్నీ పడ్డాడు. తిట్టి తిట్టి అలసిపోయాక, లేవండి, నాయన దగ్గరికి పోదాం, ఇప్పుడైనా మందను తోలేయమందాం అన్నాను.

బత్తలపల్లి దాటాక వాన మొదలైంది. మొదట మట్టి వాసన, వెంటనే చినుకులు, ఆపైన రోడ్డు కనిపించనంత వాన. బస్సులో జనం కేకలు పెట్టారు. కిటికీల్లోంచి చేతులు బయటపెట్టి తడుపుకున్నారు. ముదిగుబ్బలో వంక పారుతోంది. "నిన్న కదిరి పక్క దీనికి రెండింతలు పడినాదంట" అన్నాడు కండక్టరు. నేను మా ఆయన భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. వాన పడింది, ఇంక మేత మొలుస్తుంది, మనం చెప్పేలోపే దేవుడు చెప్పాడు అనుకున్నాను. ఆయన మొహంలో కూడా రక్తం తిరిగొచ్చింది. ఆ గంటసేపు మేమిద్దరం ఎంత సంతోషంగా ఉన్నామో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఆ బస్సు మీదే కోపమొస్తుంది.

ఊళ్ళో దిగి నేరుగా దొడ్డి దగ్గరికి పోయాం. గొర్రెలు కంచెకు ఒక మూల ఒకదాన్నొకటి ఆనుకుని పడి ఉన్నాయి. ఒంట్లో చారెడు కొవ్వు లేని జీవాలు. ఎండకు ఎలాగో నిలబడ్డాయి గానీ చల్లటి వాన ఒక్క రాత్రి కొడితే తట్టుకోలేకపోయాయి. ఏవో కొన్ని మాత్రం కాళ్ళు వణుకుతూ నిలబడి ఉన్నాయి. నాయన గొంగడి ఆయన ఒంటి మీద లేదు. గొర్రెపిల్లల మీద కప్పి ఉంది. దాని కింద ఏదీ కదలడం లేదు.

నాయన తడిబట్టలతో దొడ్డి వాకిట్లో కూర్చుని ఉన్నాడు. అల్లుణ్ణి చూసి అలవాటుగా లేచి నిలబడ్డాడు.

"అన్నం తిన్నారా అప్పా?" అన్నాడు.

ఈయన ఆ బురదలోనే కూర్చుండిపోయాడు. కూర్చుని అంతా చెప్పాడు. దాచలేదు, సర్దుకోలేదు. "కింది గీత కదలని రాయి అనుకుంటి మామా. అది అరిగిపోయినాది. మీ గొర్రెల్లో కొత్తగా ఏమీ లేదు" అన్నాడు.

నాయనకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. "అంటే, వాటికి ఆకలైనందుకే నీకు బలంగా కనపడినాయా?"

"అవును మామా. ఎంత ఆకలైతే నా లెక్కలో అంత బలం."

నాయన కర్రతో నేల మీద గీస్తూ ఉండిపోయాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వేం జేస్తావప్పా" అన్నాడు చివరికి. "నాకూ ఈ ఏడు తొట్టికి ఆ పక్క ఏమీ లేకపాయ. నావాటిని నావాటితోనే చూసుకుంటి. అన్నీ ఒకే తీరుగా ఉండాయి. అనుమానం రాలేదని కాదు. నెల కిందటే తోలుకుపోదామని కర్ర చేతికి తీసుకున్నా. అప్పుడే మా పాప వచ్చినాది. పూలు పెట్టుకోని, నవ్వుకుంటా. మొగుడు చేసేదాంట్లో తేడా ఉంటే పెండ్లానికి తెలీకుండా ఉంటాదా? బిడ్డ ఇంత నిమ్మళంగా ఉంటే నాకేం భయమనుకోని కర్ర మూల పెట్టేస్తి."

ఆ రోజు ఆయన హాస్యమాడుతున్నప్పుడు మూలన ఆ కర్ర ఉంది. నేను చూశాను కూడా.

నా మొహం చూసి నాయన దగ్గరికొచ్చాడు. "నువ్వు బాగుండావు గదమ్మా?" అని అడిగాడు. ఎప్పుడు పోయినా అడిగే మాటే. ఎప్పుడూ బాగున్నా నాయనా అనే చెప్పాను.

"లేదు నాయనా. కడుపులో బిడ్డ పోయినాది. ఏప్రిల్లోనే."

ఆయన చెయ్యి చాచి నా నడుం మీద వేశాడు. తడిసిన చీర మీంచి ఆయన వేళ్ళు నా వెన్నెముక వెంట మెల్లగా పైకీ కిందికీ కదిలాయి. చిన్నప్పుడు తొట్టి దగ్గర ఆ చేతిని వేలసార్లు చూశాను. నా మీద ఎన్నడూ పడలేదు.

"ఎముక తగులుతాండాదే తల్లీ" అన్నాడు. మంద పోయినప్పుడు కూడా ఏడ్వని మనిషి నోరు వంకర్లు పోయింది. "సెలవుల్లో వచ్చినప్పుడు, ఒక్కసారి, ఒక్కసారి చెయ్యేసి చూడకపోతినే."